పన్నెండేళ్ల గౌతమి

పాతికేళ్లపాటు చోడవరంలో ఒక వారపత్రికకి ఆటల కబుర్లు రాశాను. సాయంత్రాలు పిల్లలకి కబడ్డీ నేర్పాను. రాసింది ఎక్కువో నేర్పింది ఎక్కువో చెప్పలేను గానీ, కోతలు మాత్రం రెండిటికన్నా ఎక్కువ కోశాను. మాడుగుల కుర్రాడు కూతకి దిగితే పక్క కళ్లంలో గేదెలు పలుపులు తెంపుకుని పారిపోయాయని ఒకసారి రాశాను. మర్నాడు ఆ ఊరివాడొకడు బస్సెక్కి వచ్చి, "గేదెలు కావండి, ఎడ్లండి" అని దిద్ది వెళ్లాడు. చదివేవాళ్లు ఇలా ఉంటే రాసేవాడికి బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది?

మొన్న సోమవారం పొద్దున్నే గౌతమి వచ్చింది. రావికమతం పిల్ల. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో దాన్ని మించినవాళ్లు లేరు. ఇది కోత కాదు. వెంట తల్లి నూకరత్నం, చెరకు నరికే పని ఆ పూటకి మానుకుని వచ్చింది.

"ఏటే, పెళ్లి పిలుపా?" అన్నాను.

నవ్వలేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి పెట్టిన కాగితాలు ఆపేశారట. రాష్ట్ర పోటీల్లో ఆడేనాటికి ఆటల సర్టిఫికెట్ ప్రకారం దానికి పదిహేనేళ్లు. జత చేసిన పేపర్ ముక్కలో పన్నెండు. రెండిట్లో ఏదో ఒకటి దొంగదన్నారు. వయసు హద్దుకి దానికిదే ఆఖరి ఏడాది.

జిరాక్స్ చేతికిచ్చింది. 'పెద్దపిల్లల్ని పడగొట్టిన పన్నెండేళ్ల పసిగుంట.' నా రాతే, ఫైనల్లో దాని ఆఖరి కూత గురించి. పదిహేనని రాస్తే వింతేముందనిపించింది ఆ రోజు. మూడేళ్లు తగ్గించేశాను.

"ఇది ఎవరెట్టమన్నారే? సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోయేది కదా."

"ఎవరూ అడగలేదు మేస్టారూ. మీరు రాసేరు కదా అని పెట్టేను."

నూకరత్నం అందుకుంది. "తొమ్మిదేళ్లు దేముడి పటం పక్కన అద్దం కట్టించి ఎట్టుకున్నాం బాబూ. అబద్దమని ఒక్క మాట సెప్తే తీసి పారేద్దుం గదా."

నేను వెళ్లి చెబితే సరిపోతుందనుకున్నాను. కాగితాలు ఆపిన ఆఫీసుకని ముగ్గురం విశాఖపట్నం బస్సెక్కాం. 'వయసు తప్పుగా రాశాను. ఆ తప్పు నాది' అని బస్సులోనే రాసి సంతకం పెట్టాను. అంత పొట్టిగా నేనెప్పుడూ రాయలేదు. ఆఫీసు కిటికీ దగ్గర ఆ ఉత్తరం మీద ముద్ర గుద్ది, నంబరేసి లోపలికి పంపారు.

లోపల కుర్చీలో ఉన్నావిడ మంచిది. నన్ను కూర్చోమంది. ఉత్తరం రెండుసార్లు చదివింది.

"అయితే పేపర్లో వచ్చింది అబద్ధమంటారు."

"అవునండి. సదవడానికి బాగుంటాదని."

సర్టిఫికెట్ నా వైపు తిప్పింది. "కోచ్ సంతకం ఎవరిదండీ?"

"నాదేనండి."

"రెండూ మీరేనా?"

పొద్దున్నుంచీ నాకు తట్టనిది అదే.

గౌతమి తొందరపడింది. "టెన్త్ సర్టిఫికెట్ ఉంది మేడమ్. అందులో వయసు కరెక్టుగా ఉంది."

"వయసు సరేనమ్మా. నువ్వు ఆడావనడానికి, అబద్ధం రాశానని ఒప్పుకున్న ఈయన సంతకం పెట్టిన కాగితం తప్ప ఏముంది?"

దాని మీద రెండో సంతకం పెట్టిన కబడ్డీ సంఘం సెక్రటరీ పోయి నాలుగేళ్లయింది. ఆనాటి జట్టు పేర్ల పట్టీ ఎవరి దగ్గరా లేదు.

"నేను రాకపోయుంటే ఏటయ్యేదండి?" అని అడిగాను.

"టెన్త్ సర్టిఫికెట్ చూసి వయసు తేల్చేసేవాళ్లం."

"అయితే ఆ ఉత్తరం ఇలా ఇచ్చేయండి."

"నంబరు పడిపోయిందండీ. ఫైల్లోంచి తీయలేను."

మధ్యాహ్నానికల్లా తిరస్కరించినట్టు కాగితం చేతికిచ్చారు. గౌతమి దాన్ని చదివి, మడిచి, తల్లికిచ్చింది. నన్ను తిట్టుంటే బాగుండేది.

తిరుగు బస్సులో నూకరత్నం వేరే సీట్లో కూర్చుంది. సబ్బవరం దాటాక గౌతమి నా వైపు తిరిగింది.

"మేస్టారూ, ఫైనల్లో ఆఖరి కూతకి ఎల్లింది నిజంగా నేనేనా? నాకు మీరు రాసిందే గుర్తుంది."

"నువ్వేనే" అన్నాను.

అది నా మొహంలోకే చూస్తోంది. ఆ ఆటని మళ్లీ కళ్లముందుకి తెచ్చుకోవాలని చూశాను. నాకూ నేను రాసిందే గుర్తొచ్చింది.