ఎవరూ అడగని నాలుగు నిమిషాలు

బర్రెల గురించి నన్నడుగుండ్రి, చెప్త. గౌలిపురల ముప్పై ఏండ్ల సంది పాల దందా నాది. చూడి బర్రె ఈనేందుకు రెండు నెలలుందనంగనే పాలు పిండుడు బంద్ పెడ్త. పోతే పోయినయి పాలు. దాని పానం నిమ్మళంగుంటే ఈనినంక బకెట్ నిండుతది. ఆశకు పోయి ఆఖరిదాక పిండేటోన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతది. థూ, వీడూ ఒక పాలోడేనా అంట.

గంత తెలివి బిడ్డకాడికొచ్చేసరికి ఏడికి పోయిందో, నా నోటితోనే చెప్తున్న, ఇనుండ్రి.

నాకు ఒక్కతే బిడ్డ, వీణ. డిగ్రీ అయింది. పోలీస్ కానిస్టేబుల్ మొదటి రాత పరీక్ష పాసయింది. ఇగ ముందుగాల ఉరుకుడు దాటాలె. ఆడపిల్లలకు ఎనిమిది వందల మీటర్లు, అయిదు నిమిషాల ఇరవై సెకన్ల లోపట. దాటితే చాలు. జల్ది ఉరికితే ఎక్కువ మార్కులేం లెవ్వు ఆమె పోస్టుకు. గీ ముచ్చట వీణ నాకు నాలుగుసార్లు చదివి ఇనిపించింది.

మొదటి నెల ఆరు నిమిషాలు పట్టింది. రెండో నెల అయిదుకు దిగింది. మూడో నెల నాలుగు నిమిషాల నలభై. నా ఫోన్ల నేనే చూసిన. గాడ ఆగితే అయిపోతుండె. కని పురుషోత్తం సేఠ్ బట్టల దుకాణంల పాలు పోస్తుంటే, "ఆడపిల్లకు పోలీస్ నౌకరీ ఏంది ఎల్లప్పా? ఉరుకుతదా అది?" అని నవ్విండు. నాకు సుర్రుమన్నది. "ఉరుకుడా? నాలుగు నిమిషాలల్ల కొడ్తది నా బిడ్డ. అందరికంటె ఫస్టొస్తది, చూడు సేఠ్" అన్న. సాయంత్రానికి గల్లీ అంత తెలిసింది. గా నాలుగు నిమిషాలు సర్కార్ అడగలే, వీణ అడగలే, నా పాడు నోరు అడిగింది.

ఇగ షురువైంది. ఒక్కపూట ఉరుకుడు రెండు పూటలు చేసిన. ఆదివారం సెలవు తీసేసిన. ఆమె ముందల ఉరుకుతుంటే నేను ఎనుక బండి మీద హారన్ కొట్టుకుంట పోయేది.

"బాపూ, మోకాలి కింద బొక్క సలుపుతుంది. రెండు దినాలు ఆగుత" అన్నది.

"ఆగితే ఒళ్లు బరువైతది. సాకులు చెప్పకు" అన్న.

వారం తర్వాత మళ్ల అన్నది. "నౌకరీ వద్దంటే చెప్పు, రేపటి సంది బర్రెల పెండ ఎత్తు" అన్న. గా మాటకు పిల్ల బూట్లు తొడుక్కొని ఉరికింది. నేనేమో తొవ్వకొచ్చిందని సంబరపడ్డ.

టైం తగ్గలే, పెరిగింది. నాలుగు యాభై, అయిదు, అయిదు పది. పెరిగినకొద్ది ఇంకో రెండు చక్కర్లు వేయించిన. ఒకనాడు నా ఇంటామె సుశీలమ్మ గుమ్మంల అడ్డం నిలబడ్డది.

"ఏమయ్యా, చూడి బర్రెను కూసోబెట్టి మేపుతవు. కన్నబిడ్డకు రెండు దినాలియ్యవా? గా బర్రెపాటి చెయ్యదా ఇది?"

"నీకేం తెల్వది, జరుగు" అన్న. గదీ నా జవాబు. యాదికొస్తే నా చెంపలు నేనే వాయించుకోబుద్ధైతది.

ఆమె ఊకోలే. పిల్లను ఎముకల డాక్టర్ కాడికి తోల్కపోయింది. నేనూ ఎంబడి పోయిన. డాక్టర్ ఎక్స్‌రే చూసిండు. "ఉరికే ఈవెంట్స్‌కు ఇంకా ఇరవై అయిదు దినాలుంది గదా. ఇరవై దినాలు ఉరకొద్దు. పూర్తిగ రెస్ట్ ఇస్తే ఆ రోజుకు ఉరకొచ్చు. ఇయ్యకపోతే బొక్క పగుల్తది" అన్నడు. గింత సాఫ్‌గ చెప్పిండు. నాకు చెవుడు కూడ లేదు.

నేను మూడు దినాలిచ్చిన. నాలుగో దినం పొద్దుగాల లేపిన.

ఆ రోజు రానే వచ్చింది. మమ్మల్ని గ్రౌండ్ గేటు బయటనే ఆపిండ్రు. లోపల ఉరుకుడు షురువని సీటీ కొట్టిండ్రు. చప్పట్లు ఇనబడుతున్నయి. నేను ఫోన్ల టైం చూసుకుంట నిలబడ్డ. నాలుగుంబావు నిమిషాలు కాంగనే లోపట ఒక్కసారే లొల్లి లేచింది. కొద్దిసేపటికి ఇద్దరు లేడీ కానిస్టేబుల్లు వీణను చెరో దిక్కు పట్టుకొని తెచ్చిండ్రు. ఎడమ కాలు భూమికి ఆనుతలేదు. మొఖం సున్నం లెక్క తెల్లగైంది.

"బాపూ, అరవై మీటర్లే ఉండె" అన్నది. "ఇంకా నిమిషం పైన టైం ఉండె. నడిచినా అయిపోతుండె."

ఏడ్వలే. తిట్టలే. నన్ను తిడితే బాగుండు అనిపించింది. సుశీలమ్మ నా దిక్కు చూడనన్న చూడలే.

బొక్క పగిలిందని కాలుకు పట్టీ ఏసిండ్రు. నౌకరీ పోయింది. మళ్ల ఎప్పుడు తీస్తరో దేవునికెరుక. గల్లీల ఎవ్వరడిగినా "బిడ్డకు కిస్మత్ లేదు" అని చెప్తుంటి. మొన్నటిదాక గట్లనే చెప్పిన, సిగ్గు లేకుంట.

మొన్న తెల్లారంగ పాలు పిండనీకె లేచిన. వీణ మంచం ఎంబడి పోతుంటే నా కాలు చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి లేచి కూసున్నది. కండ్లు పూర్తిగ తెరువలే.

"లేస్తున్న బాపూ, లేస్తున్న. నొప్పేం లేదు" అనుకుంట పట్టీ కాలు కిందికి దించింది.

"పండుకో బిడ్డా, ఉరుకుడు లేదు" అన్న. నమ్మలే. మళ్ల అన్న. నా మొఖం దిక్కే భయంభయంగ చూసుకుంట, గోడ పట్టుకొని, ఒంటి కాలు మీద నిలబడే ఉన్నది.