మొదటి పూత

"పందిరి నేనే వేశాను సార్. ఆదివారాలు కాస్త ఒళ్లు వంచితే అదెంత పని! మా ఆవిడా? ఆ... నీళ్లు పోస్తుంటుందిలెండి. పూత కూడా వచ్చింది. కాయలు పండగానే కుటుంబంతో సహా మీరు రావాలి, మా ఇంటి ద్రాక్షే పెడతాను."

ముందుగదిలో భర్త ఫోనులో తన ఆఫీసరుతో అంటున్న మాటలు, వంటింట్లో బాణలి మాడు గోకుతున్న ఆమె చెవిన పడ్డాయి. ఆమె గోకడం ఆపలేదు, ఇంకాస్త గట్టిగా గోకింది.

ఒళ్లు వంచాడట! ఆదివారాలు మంచం మీద వాల్చిన ఒళ్లే తప్ప, ఆ మనిషి పెరట్లోకి వచ్చేదే సిగరెట్టు కాల్చుకోవడానికి. గోడ వారగా గుంటలు తవ్వింది ఆమె. గడ్డపార రాతికి తగిలి భుజం దాకా జివ్వుమన్నది ఆమెకే. మొదటిసారి రెండు చివర్లా గుంజల్ని నిటారుగా పాతింది. ఇనప తీగ బిగించేసరికి రెండూ లోపలికి వంగిపోయాయి. మళ్లీ పీకి, ఈసారి బయటివైపుకి కాస్త వాల్చి పాతి, వెనక నేలలో దిగేసిన మేకుకి తీగతో లాగికట్టింది. అప్పుడు కిటికీలోంచి ఆయనగారి సాయం అందింది. "కూలివాణ్ణి పిలిస్తే పోయేదిగా! నీవన్నీ పెంకి పనులు." మర్నాడు తను పనిచేసే ఆస్పత్రి ల్యాబులో గీరుకుపోయిన ఆమె చేతులు చూసి పై అధికారి "గ్లవ్స్ తియ్యకండి, పేషెంట్లు చూస్తే బాగుండదు" అన్నాడు. ఏమైందని మాత్రం అడగలేదు.

అయినా ఆ రెండు ద్రాక్ష మొక్కల్ని చూస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఇంట్లో ఆమె కోసం ఆమె చేసుకున్నది అదొక్కటే. ఒక్కో మొక్కకి ఒక్క కొమ్మనే ఉంచి, పక్క కొమ్మలు గిల్లేసి, నూలు పేలికలతో వదులుగా కడుతూ తీగదాకా ఎక్కించింది. మొక్కలమ్మినాయన ముందే చెప్పాడు. "మొదటి పూతకి ఆశపడకండమ్మా, మొత్తం గిల్లేయండి. వేళ్లూనకముందే కాయించారంటే మొక్క దక్కదు."

బాణలి బోర్లించి, చేతులు తుడుచుకుని, పూత గిల్లడానికే పెరట్లోకి వెళ్లింది. వెనకే అత్త కేక.

"అయ్యయ్యో! కాయబోయేదాన్ని గిల్లేస్తావా? చేతులెలా వస్తాయే తల్లీ నీకు!"

"మొక్క ఇంకా పసిది అత్తయ్యా. ముందు వేళ్లు..."

"దాని మీద చెయ్యి పడిందా, బాగుండదు" అంటూ భర్త వచ్చాడు. "ఆఫీసరుకి మాటిచ్చాను. నాకు చెప్తున్నావా? పందిరి వేసినవాణ్ణి!"

అబద్ధమాడితే ఆడాడు, పోనీలే అనుకోవచ్చు. ఈ మహానుభావుడు దాన్ని నమ్మేశాడు కూడా! ఎప్పట్లాగే నోరు మూసుకుని లోపలికి వచ్చింది. ఆ మూసుకోవడం తల్చుకుంటే తర్వాత తన మీద తనకే అసహ్యమేసింది.

గుత్తులు గట్టిపడ్డాయి, పచ్చటి పిందెలు దిగాయి. వచ్చిన చుట్టాలకల్లా అత్త చూపించి మురిసిపోయింది. రెండింటిలో చిన్న మొక్క మారాకు వేయడం మానేసింది. ఆకులు అంచులనుంచి ఎండుతూ వచ్చి, ఓ వారానికి అది పుల్లలా మిగిలింది. "నీళ్లు సరిగ్గా పోసుండవు" అన్నాడు భర్త.

ఆ పుల్లని పీకుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. మొక్క కోసమేనా? పెళ్లయిన కొత్తల్లో పై చదువుకి సీటొచ్చింది. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో కూడా ఇంకా తెలియని రోజులు. "సీటెక్కడికి పోతుంది, ముందు ఓ కాయ కాయనీ" అంది అత్త. భర్త నవ్వాడు. ఏడు తిరక్కుండా కొడుకు, వాడు నడవకముందే కూతురు. నడుము నొప్పంటే "అందరూ కనలేదా?" అన్నారు. వచ్చినవాళ్లంతా పిల్లల బుగ్గలు పుణికారు, ఆమె కళ్లకింద నలుపు ఒక్కరికీ కనపడలేదు. తోటివాళ్లు చదువుకుని, ఇవాళ అదే ల్యాబులో ఆమె చేసిన పరీక్షల కింద సంతకాలు పెడుతున్నారు. పిల్లలంటే ప్రాణమే, కాదన్నదెవరు? కానీ ఒక్క ఏడాది! కుదురుకోవడానికి ఒక్క ఏడాది ఇస్తే వీళ్ల సొమ్మేం పోయేది?

మిగిలిన మొక్క వైపు చూసింది. దాని చివరి చిగురు కూడా పాలిపోయింది.

ఆమె కత్తెర తెచ్చింది. ఒక్కో గుత్తినీ మొదలంటా కత్తిరించి నేలమీద పడేసింది. అత్త లబోదిబోమంది. ఆ అరుపులకి భర్త సగం గీసిన గడ్డంతో, చెంపలమీద నురగతో పరుగెత్తుకొచ్చాడు.

"నీకేమైనా పిచ్చా? ఆఫీసరుకి ఏం చెప్పమంటావ్? నా పరువేం కాను!"

ఆమె ఆఖరి గుత్తి కూడా కత్తిరించింది. ఇన్నేళ్లలో మొదటిసారి గొంతు తగ్గించకుండా అంది.

"ఏమైనా చెప్పుకోండి. ఈ ఇంట్లో దీన్నయినా ముందు బతకనివ్వండి."