గుండీ వ్యాసం

గిన్నెలు తోముతోందన్న మాటే గానీ, బుల్లికి చెవులు రెండూ ముందుగదిలోనే ఉన్నాయి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న వదిన తనలో తనే నవ్వుకుంటోంది.

“ఏంటొదినా, ఆ ముసిముసి నవ్వులు?”

“పెద్దాయన నా గుండీ వ్యాసానికి పతకం ఇచ్చారే! రేపు మొదటి పేజీలో వేస్తారట.”

“అబ్బో! ఇంక మాతో మాట్లాడతావో లేదో” అంటూ బుల్లి మూకుడు అడుగుని బరబరా గీకింది.

నలుగురూ కలిసి రాసే ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ముందు చేరింది బుల్లి. పెద్దాయన అక్కడి నిర్వాహకుడు. వదినకి ఖాతా తెరిచిపెట్టిందీ, ఏ మాట ఏ పుస్తకంలోదో చూపించడం నేర్పిందీ బుల్లే. తను ముచ్చటపడి రాసుకున్న పొగమంచు వ్యాసం నెత్తిన మాత్రం ‘మూలాలు లేవు’ అన్న పట్టీ ఇంకా వేలాడుతూనే ఉంది. నిన్నగాక మొన్న చేరిన వదినకి పతకమా? అదీ గుండీలకా?

వదిన స్నానానికి వెళ్ళగానే బుల్లి తడిచేతులు చున్నీకి తుడుచుకుని కుర్చీలో కూలబడింది. గుండీ వ్యాసం తెరిచి, పైన తొలగించమని కోరే పట్టీ అంటించింది. కారణం దగ్గర ‘ఈ వ్యాసం అనవసరం’ అని రాసింది. నలుగురూ చేరి వాదించుకుంటారు, పతకం కాస్త మసకబారుతుంది, అంతే కదా అనుకుంది.

మీట నొక్కాక గానీ పైనున్న పేరు చూసుకోలేదు. అది వదిన ఖాతా.

వేరేవాళ్ళు అడిగితే చర్చ జరుగుతుంది. ఇంకెవరూ చెయ్యి పెట్టని వ్యాసాన్ని రాసినవాళ్ళే వద్దంటే చర్చ లేకుండా తీసేస్తారు. ఆ పట్టీ పీకేద్దామని మళ్ళీ తెరిచేసరికి పేజీయే లేదు. పెద్దాయన పనిలో అంత చురుకు!

తల తుడుచుకుంటూ వచ్చిన వదిన తెర మీదికి వంగింది. పెద్దాయన అడుగుతున్నారు: ‘అంత బాగా రాసి, ఎందుకమ్మా తీసెయ్యమన్నారు?’

“నేనెప్పుడన్నానూ?” అని, వదిన మెల్లగా ఇటు తిరిగింది. “బుల్లీ, ఇక్కడ కూర్చున్నావా?”

“అడిగితే మళ్ళీ పెట్టేస్తారొదినా. దానికింత రాద్ధాంతం దేనికి?”

“నేనడిగింది అది కాదు.”

బుల్లి ఆరిపోయిన చేతుల్నే మళ్ళీ చున్నీకి తుడుచుకుంది.

ఒక్క మాట రాస్తే చాలు, బుల్లిని అక్కణ్ణుంచి గెంటేస్తారు. వదిన నిలబడే టైపు చేసింది: ‘పొరపాటు నాదేనండి. దయచేసి తిరిగి పెట్టండి.’

సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలో కూడా బుల్లికి కుళ్ళే పుట్టుకొచ్చింది. ఇప్పుడు పెద్దాయన ఆవిడ వినయాన్ని కూడా మెచ్చుకుంటారు.

“నా పేరు చెప్పెయ్యొచ్చుగా!” అంది ఉక్రోషంగా.

వదిన తన ఖాతాలోంచి బయటికొచ్చేసింది. ఇంట్లో ఎప్పుడూ అలా చేసేది కాదు. కుట్టుసంచీ భుజాన తగిలించుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. రోజూ గడప దాటుతూ “తలుపేసుకోవే” అని కేకేసేది. ఇవాళ తలుపు తనే లాగేసి, వెళ్ళిపోయింది.