పద్నాలుగు సెకన్ల నవ్వు

టెంపర్ కాదు టెంపరరీ, ఈ ముక్కతో మొదలుపెడితే సభలో సగం మంది మనవైపు తిరిగినట్టే, తర్వాత ఫిట్ కాదంటారా, ఫిట్స్ వచ్చినట్టు ఎగిరేవాళ్లా మా అన్న ఫిట్టో కాదో చెప్పేది అని రెండో ముక్క, మూడోది కుర్చీ మీద, కుర్చీ అంటే కూర్చునేది, కూర్చేది, ఊహూఁ, ఇందులో కూర్పు లేదు అని ఉమాశంకర్ తన జోకును తానే కొట్టేసి కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాడు, ప్యాసింజరు హిందూపురం వదిలింది, చింతపండు మూటలు, నీళ్ల కొళాయి, టీ అంగడి అన్నీ నింపాదిగా వెనక్కి జరుగుతున్నాయి, యాభై రెండేళ్ల ఒళ్లు, పేకలో ముక్కలు కూడా అన్నే, ఏ సభలో ఏ ముక్క వేయాలో తెలిసిన నోరు తనది, హిందూపురం నుంచి ధర్మవరం దాకా నాయకుడు రావడం ఆలస్యమైతే జనాన్ని లేవకుండా కూర్చోబెట్టేది ఆ నోరే, పదకొండేళ్లుగా అది నరసప్ప మైకు, నరసప్ప ధర్మవరంలో రెండుసార్లు కౌన్సిలరు, ఇప్పుడు మునిసిపల్ చైర్మన్ కుర్చీకి పోటీ, అందుకే ఈ జుబ్బా, ఈ ప్రయాణం, జుబ్బాకు ఊడిన గుండీని పొద్దున భార్య సుజాత కుడుతూ ఉంటే టెంపర్ టెంపరరీ ఎట్లుందే అని అడిగాడు, ఊఁ అంది, శివకృష్ణ చెప్పమన్న మాట కూడా చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాడు, దానికీ ఊఁ అంది, ధర్మవరం ఆడపడుచు, మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, ఆమే ఊఁ అన్నాక ఇంకేం కావాలి అని చెప్పులేసుకున్నాడు, దారం కొరికి వెనక నుంచి ఏదో అనబోయినట్టుంది, ఆటో హారన్‌లో వినబడలేదు, గుండీ మాత్రం గట్టిగా ఉంది, గుండె సంగతి ఎవరూ అడగలేదు.

శివకృష్ణ చెప్పమన్నది చిన్న మాటే, నరసప్పకు మేనల్లుడు, ఆయన ఫోన్లన్నీ చూసేవాడు, తెల్లారగానే ఫోన్ చేసి, ఉమన్నా, అందరికన్నా దగ్గర నిలబడుకోనుండేది నువ్వే, ఆయమ్మ అన్నను చూసి ఎగతాళిగా నవ్వె, అందుకే అన్నకు కోపమొచ్చె అని చెప్పు, సాలు అన్నాడు, ఆయమ్మ అంటే బాలనాగమ్మ, పోయిన గురువారం ధర్మవరంలో ఇల్లిల్లూ తిరుగుతూ ఆమె ఇంటికి వెళ్లారు, ఓట్లొచ్చినప్పుడల్లా ఉన్న తంతే, ఇస్త్రీ అంగడికి పోతే ఇస్త్రీ పెట్టె పట్టుకోవాలి, బజ్జీల బండి దగ్గరికి పోతే జల్లిగరిటె, మగ్గం ఉన్న ఇంటికి పోతే మగ్గం, నరసప్ప కుర్చీ ఎక్కడానికని ముందు మగ్గం గుంటలో దిగాడు, జననాడి తెలిసిన నేతకు నాడె ఒక లెక్కా అని తాను మైకులో అన్నాడు, నేతపోగును అటూ ఇటూ మోసే ఆ కొయ్య నాడెను ఫోటో కోసం ఆయన విసిరాడు, అది పోగుల మధ్య ఇరుక్కుంది, గుంజొద్దన్నా, గుంజొద్దు అని బాలనాగమ్మ అంటూనే ఉంది, గుంజాడు, పట్టుపోగులు పుటుక్కుమన్నాయి, నలభయ్యో యాభయ్యో, గుమ్మంలో జనం కిసుక్కుమన్నారు, నరసప్ప ముఖం కందిపోయింది, నాడెను పీకి విసిరేశాడు, అది ఆమె చెవి పక్కగా పోయి గోడకు తగిలి కింద పడింది, సరిగ్గా ఆ విసురు దగ్గరే మొదలవుతుంది వీడియో, పద్నాలుగు సెకన్లు, అందులో గుంజడం లేదు, గుంజొద్దనడం లేదు, విసురు ఉంది, పెదవులు బిగించి ఒక కొస పైకి లేచినట్టున్న బాలనాగమ్మ ముఖం ఉంది, కనబడకుండా తన గొంతు ఉంది, నాలుగు రోజులుగా ఊరు ఊరంతా ఆ పెదవుల మీదే నిలబడి కొట్లాడుతోంది, ఎగతాళి అన్నారు ఇటువాళ్లు, ధైర్యం అన్నారు అటువాళ్లు, చెవి పక్కన నాడె పోతే రెప్ప కూడా వేయలేదంటే అవతలి పార్టీ ముందే నేర్పిపెట్టిన నాటకం అని మళ్లీ ఇటువాళ్లే, పట్టూ జరీ ఇచ్చి ఆమెతో చీరలు నేయించుకునే సావుకారు మాత్రం ఏ పక్కా అనలేదు, ఇది తేలేదాకా నీకు ఇంకో పడుగు ఇయ్యలేనమ్మా అన్నాడట, అంతే, ఇంట్లో ఉన్న ఒక్క మగ్గం నిలిచిపోతుంది, అందుకే ఇవాళ పదకొండు గంటలకు కల్యాణమండపంలో లోకల్ చానల్ చర్చ, కోపిష్టికి కుర్చీ ఇవ్వొచ్చా అని దాని పేరు, కళ్లారా చూసిన సాక్షి ఉమాశంకర్, ఆమె నవ్వింది అంటే చాలు, నరసప్ప కుర్చీ నిలబడుతుంది, తన మైకు నిలబడుతుంది, నవ్వినట్టే ఉంది కదా, అబద్ధం కాదు కదా, అబద్ధానికీ నిజానికీ మధ్య తన బతుకంతా ఒక నవ్వు పట్టేంత సందు ఎప్పుడూ ఉండనే ఉంది.

ఎదురు సీటులో కూడా అదే చర్చ, రైలుకు వేరే పట్టాలుంటాయి గానీ మాటలకు వేరే పట్టాలు లేవు, రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, మడత నలగని చొక్కా, ఆయన పక్కన ఎరువుల అంగడి మసూద్, మసూద్ అంటున్నాడు, మెత్తగుండేటోడు కుర్చీలో కూర్చుంటే ఫైళ్లు గూడా వానితోపాటే నిద్రపోతాయి సార్, అరిచేటోడే పని చేపిచ్చేది, హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, అరిచేదానికి మనిషెందుకప్పా, మైకు సాలదా అన్నాడు, బ్రహ్మాండమైన ముక్క, కాజేయాల్సిందే అనుకున్నాడు ఉమాశంకర్, ఆ మైకు తానేనని ఒక క్షణం ఆలస్యంగా తట్టింది, కిటికీ వైపు తిరిగాడు, ముప్పై ఏండ్లు బడిలో చూసినా మసూదూ అని హెడ్మాస్టరు సాగదీస్తున్నాడు, బెత్తం పట్టినోని కోపం ముందు బెంచీ మీదికి పోదు, ఎప్పుడూ వెనక బెంచీ మీదికే పోతాది, దానికి దోవ బాగా తెలుసు, మసూద్ ఊరుకోలేదు, ఆయమ్మ నవ్వకపోతే ఆయప్ప ఎందుకు విసురుతాడు సార్, మీరే సూడండి అని ఫోన్ తీసి పెట్టాడు, పోగులు తెగితేనేమప్పా, ఓట్లు పోగవుతాయి అని తన గొంతు తన ఎదుటే మోగింది, జనం నవ్వు, మైకోడెవడో గానీ భలేటోడు సార్ అన్నాడు మసూద్, ఇంకొకప్పుడైతే ఆ మైకోడు లేచి దండం పెట్టేవాడు, ఇవాళ ఎందుకో జుబ్బా గుండీ సవరించుకున్నాడు, ఆ ముక్క అప్పటికప్పుడు పుట్టింది, నాడె గోడకు తగిలిన చప్పుడుకూ దానికీ మధ్య ఊపిరి పీల్చేంత వ్యవధి కూడా లేదు, తన ప్రతిభకు తనకే ఆశ్చర్యం వేసేది, ఇప్పుడూ వేసింది, కానీ ఆ ఆశ్చర్యం కొంచెం చల్లగా ఉంది.

పెనుకొండలో బండి ఆగింది, కొండ ఎండలో తలంటుకుని కూర్చున్నట్టు ఉంది, పెను కొండకు పెనుకోపం లేదు, ఎవరెక్కినా ఊరుకుంటుంది, నరసప్పది ఎప్పుడూ చెడ్డ కోపం కాదే అనుకున్నాడు, ఒక యేడు వానకు వీధులు మునిగినప్పుడు మోకాళ్ల లోతు మురికినీళ్లలో నిలబడి మోటారు తెచ్చేదాకా అరిచాడు, ఆ అరుపుకే మోటారొచ్చింది, ఇళ్లలోంచి నీళ్లు పోయాయి, ముసలమ్మలు చేతులెత్తి దండం పెట్టారు, అది తన కళ్లతో చూశాడు, మసూద్ చెప్పేది ఉత్తది కాదు, మరి ఈ పెనుకొండలోనే, రోడ్డు పక్క హోటల్లో, పెద్ద నాయకుడి కోసం రెండు గంటలు ఎదురుచూసి, ఆయన వచ్చి క్షమించప్పా అని కూడా అనకుండా పోతే, నరసప్ప చేతులు కట్టుకుని చిరునవ్వుతో సాగనంపాడు, ఆ తర్వాతే డ్రైవరు తిమ్మప్ప తెచ్చిన టీ గ్లాసు తిమ్మప్ప ఛాతీ మీదికే పోయింది, చక్కెర తక్కువైందని, అందరూ బిగుసుకుపోతే తానన్నాడు, మన తిమ్మప్పకు టీ తాగే అవసరమే లేదు, చొక్కానే తాగేసింది అని, అందరూ నవ్వారు, తిమ్మప్ప కూడా నవ్వాడు, నవ్వాడా, నవ్వినట్టే ఉన్నాడు, చొక్కాను ఒంటికి తగలకుండా రెండు వేళ్లతో పట్టుకుని మరీ నవ్వాడు, కాలుతున్నదేమో, అడగలేదు, ఓట్ల ముందు ఓర్పు, ఓట్ల తర్వాత ఓరేయ్ అని ఒక ముక్క అప్పట్నుంచీ నాలుక కింద ఉండిపోయింది, ఏ సభలోనూ వేయలేదు, బండి కదిలింది, కొండ ఏమీ అనకుండా పక్కకు తప్పుకుంది.

తలుపు దగ్గర నేల మీద గంప పెట్టుకుని హిందూపురం నుంచి పూలు కడుతూ వస్తున్న ఆమె ఉంది, ఖాతూన్‌బీ అని టీ అమ్మేవాడు కూడా పేరు పెట్టి పిలుస్తున్నాడు, ధర్మవరం చేరేలోగా గంపెడు కనకాంబరం మాల కావాలి, తలెత్తడం లేదు, హెడ్మాస్టరుకు మూడో తీర్పు కావాల్సి వచ్చింది, ఏమమ్మా ఖాతూన్‌బీ, నువ్వు చెప్పు, అట్ల కోపమొచ్చేటోడు కుర్చీకి పనికొస్తాడా అన్నాడు, ఆమె ఊఁ అంది, పనికిరాడా అన్నాడు, దానికీ ఊఁ అంది, ఈయమ్మ గూడా నవ్వుతాంది చూడండి సార్, మన చర్చ ఈయమ్మకు ఎగతాళైపోయె అన్నాడు మసూద్, నిజంగానే ఆమె పెదవులు బిగుసుకుని ఒక కొస పైకి లేచి ఉన్నాయి, ఆమె తొందరపడలేదు, నాలుగు పూలు చేర్చి, ముడి బిగించి, పెదవుల మధ్య నుంచి సన్నటి దారం కొస బయటికి తీసింది, అంతవరకూ అది అక్కడున్నట్టు ముగ్గురిలో ఎవరికీ కనబడలేదు, నవ్వలేదబ్బా, దారం పట్టుకోనుండా, నోరు తెరిస్తే జారిపోదా, కట్టిందంతా ఊడదా అంది, ఆ ఫోన్ ఇట్ల తే అని చేయి చాపి, పద్నాలుగు సెకన్లూ చూసింది, మళ్లీ పెట్టమని ఇంకోసారి చూసింది, ఈయమ్మ గూడా నవ్వడం లేదు, నవ్వేటోళ్ల కండ్లు ఇట్లుంటాయా, పిడికిలి చూడు ఎట్ల బిగిచ్చిందో, చేతిలో పట్టనివి నోట్లో పెట్టుకోనుండాది, ఆ మైకాయప్పకు కండ్లు లేవా, మాట్లాడు మాట్లాడు అంటాండాడే, మాట్లాడితే ఏమైతాది, పట్టుకున్నవన్నీ పోతాయి, అని ఫోన్ తిరిగిచ్చేసి, దారం మళ్లీ పెదవుల మధ్య పెట్టుకుని గంపలోకి వంగింది.

ఆ మైకాయప్పకు కళ్లున్నాయి, కళ్లకు మూరెడు దూరంలోనే ఉంది ఆమె ముఖం, పోగులు పుటుక్కుమనగానే బాలనాగమ్మ మగ్గం మీదికి వంగి, కొసలు దువ్వెనలాంటి అచ్చు పళ్ల సందుల్లోంచి వెనక్కి జారిపోకముందే కుడి పిడికిట్లో ఒక గుప్పెడు, ఎడమ పిడికిట్లో ఒక గుప్పెడు పట్టుకుంది, మిగిలినవి వరస తప్పకుండా పెదవుల మధ్య, జారిపోతే మళ్లీ ఒక్కో పోగూ వెతికి వెతికి దాని సందులో దాన్ని ఎక్కించాలి, సుజాత పుట్టింట్లో ఎన్నిసార్లు చూడలేదు, చూశాడు, తెలుసు, అందుకే నాడె చెవి పక్కగా పోయినా ఆమె తల తిప్పలేదు, తల తిప్పితే వరస పోతుంది, నాటకం కాదు, ధైర్యం కూడా కాదు, పని, తెగిన మరుక్షణం మొదలైన పని, ఆ పెదవుల దగ్గరికి తాను మైకు తీసుకుపోయి పెట్టాడు, ఏమ్మా బాలనాగమ్మా, అన్న గురించి ఒక్క మాట చెప్పు అన్నాడు, ఆమె ఊఁ ఊఁ అంది, కళ్లతో పక్కకు జరగమంది, ఇప్పుడు తెలుస్తోంది జరగమందని, అప్పుడు మాత్రం తాను జనం వైపు తిరిగి, చూసినారా, అమ్మ ఊఁ అనేసింది, ఓటు మనకే అన్నాడు, చప్పట్లు, ఈ చేతులు కూడా కొట్టాయి, పొద్దున సుజాత సూదిలో దారం ఎక్కించి మిగతా కొస పెదవుల్లో పట్టుకుని గుండీ కుడుతూ ఉంది, ఊఁ అంది, అనలేదు, దారం పట్టుకుంది, కొరికాక ఏదో అనబోయింది, అప్పటికే తాను గుమ్మం దిగాడు, తిమ్మప్ప రెండు వేళ్లతో చొక్కా పట్టుకున్నాడు, ఎవరెవరు ఏమేం పట్టుకుని నోరు మూసుకున్నారో అవన్నీ తన లెక్కలో నవ్వులు, పదకొండేళ్ల నవ్వులు, నరసప్ప కోపం ఒక్కటే అయితే ఊరు ఎప్పుడో దాన్ని చూసి తేల్చుకునేది, దాని మీద ఎప్పటికప్పుడు ఒక ముక్క పరిచి, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా నడిపించింది తాను.

చెరువు గట్టు, తాటి చెట్లు, ఊరి మొదటి ఇళ్లు, బండి వేగం తగ్గుతోంది, టెంపర్ కాదు టెంపరరీ అనే ముక్కను మనసు ఇంకొకసారి తిప్పి చూసి కింద పెట్టేసింది, ఇంత తేలిగ్గా పెట్టేయగలదని తనకే తెలియదు, భయం వేయాలి కదా, రేపటి నుంచి ఈ మైకు ఎవరి చేతికి పోతుందో అని, వేస్తోంది, కానీ అది ఎక్కడో పక్క బోగీలో ప్రయాణం చేస్తున్నట్టుంది, ఫోన్ మోగింది, శివకృష్ణ, ఉమన్నా, స్టేషన్ కాడికి కారు పంపిచ్చినా, మాట గుర్తుండాది కదా అన్నాడు, ఉమాశంకర్ ఊఁ అన్నాడు, సరే అయితే అని అవతల సంతోషంగా పెట్టేశాడు, కోపిష్టికి కుర్చీ ఇవ్వొచ్చా అని మాధవీలత అనే ఆ చానల్ అమ్మాయి అడుగుతుంది, అది ఊరు తేల్చుకోవాల్సిన సంగతి, తాను చెప్పాల్సింది తాను చూసింది, ఆ గదిలో ముగ్గురం ఉంటిమి, ఆయన విసిరె, నేను నవ్విస్తి, తెగినదాన్ని జారిపోకుండా పట్టుకునింది ఆమె ఒక్కతే, ఆమె నవ్వలేదు, నోట్లో పోగులున్నాయి, ఇందులో ఒక్క చమత్కారం లేదు, వెతికినా దొరకలేదు, వెతకాలనిపించలేదు, ఖాతూన్‌బీ గంప ఎత్తడానికి ఒక చేయి వేసి, ధర్మవరం ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టాడు, ఏమప్పా, మాట్లాడవే, దోవ పొడుగునా ఏమీ మాట్లాడకపోతివి అందామె, నవ్వాడో లేదో తెలియదు, మండపం దాకా నడిచేంత దూరమే, కారు వైపు చూడకుండా నడిచాడు, పెదవులు బిగించి, ఆ మాటలన్నీ వరస తప్పకుండా పట్టుకుని.