నిచ్చెనండోయ్!

కేబుల్ టీవీ రోజుల నుంచీ నాదొక పద్ధతి. స్తంభానికి నిచ్చెన ఆనించే ముందు "నిచ్చెనండోయ్!" అని గట్టిగా కేకేస్తాను. పైకెక్కితే మేడమీది గదులన్నీ కంటపడతాయి మరి. తెరలు వేసుకునేవాళ్లు వేసుకున్నాకే మొదటి మెట్టు మీద కాలు పెడతాను. ఇప్పుడు మా కాలనీకి ఇంటర్నెట్ ఇచ్చేదీ నేనే. కేక మాత్రం మానలేదు.

మొన్న ఒకే నెలలో మూడిళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీలు పోయాయి. కాలనీ ప్రెసిడెంటు మా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.

"ఎవరు ఏ సైటు చూస్తున్నారో నీకు తెలుస్తుందిగా. పాత బ్యాటరీలు అమ్మే సైట్లలో ఎవరు తిరుగుతున్నారో కనిపెట్టు, దొంగ దొరుకుతాడు. కుదరదంటావా, అందరం వేరే కంపెనీకి మారిపోతాం."

మారితే నా పొట్టకొట్టినట్టే. ముందు మా ఇంటి లైను మీద ప్రయత్నించి చూస్తానన్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మర్నాడు మా లైనులో చూసిన సైట్ల జాబితా తీశాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, పగలంతా మా ఆవిడ ఒక్కతే. చెవి ఆసుపత్రి సైటు నాలుగుసార్లు. వినికిడి మిషన్లు అమ్మే దుకాణం పదకొండుసార్లు.

అప్పుడర్థమైంది. పిలిస్తే పలకడం లేదని, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో" అంటూ ఆర్నెల్లుగా ఎగతాళి చేస్తున్న మహానుభావుణ్ని నేనే. పాపం, నవ్వేసి ఊరుకునేది. కేకెయ్యకుండా నిచ్చెనెక్కడం నా జన్మలో అదే మొదలు, అదీ సొంత ఇంటికి. సిగ్గేసింది.

సాయంత్రం ప్రెసిడెంటుకు చెప్పేశాను. "నావల్ల కాదండీ. ఫలానా మనిషి మీద అనుమానమని పోలీసులు కాగితం తెస్తే అప్పుడు చూస్తా. అందరి కిటికీల్లోకీ తొంగిచూడను."

"దొంగలకి కొమ్ము కాస్తావా?"

"సరే అయితే, రేపే మొదలెడతా. వీధిలో కేకేసి మరీ, ముందు మీ ఇంటితోనే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముందు వీధి గేటుకి తాళం వేయిద్దాంలే," అంటూ లేచాడు. కంపెనీ మారే మాట మళ్లీ ఎత్తలేదు.

అసలు గండం ఇంటి దగ్గరుంది. గుమ్మంలోనే ఆగి "నిచ్చెనండోయ్!" అన్నాను. బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది.

"ఇదేం పిచ్చండీ? ఇంట్లో స్తంభమెక్కడుంది?"

చూసిందంతా చెప్పేశాను. ఆమె మొహం కందిపోయింది. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది.

"ఎడమ చెవి పనిచెయ్యట్లేదు. నేనే చెబుదామనుకున్నా. చెవిటిదంటారని భయమేసింది."

"అననే అన్నాను కదే, నా నోరు పడిపోను!"

"అన్నారు. కుడి చెవితో విన్నాను," అంది. నవ్వాపుకోలేకపోయింది. వెంటనే వేలు చూపించింది. "ఇంకోసారి అడక్కుండా చూశారో, ఊరుకోను."

బట్టల కుప్ప ఎడమవైపుకి నెట్టి, కుడిపక్కన నాకు చోటిచ్చింది.