చక్రన్న గ్లాసు పరీక్ష

చక్రధరన్న ఒక తూరి కోయంబత్తూరుకి పోయినాడు. పోయింది మగ్గం మోటారుకి బెల్టు తెచ్చేదానికి. వచ్చింది సౌండు ఇంజినీరుగా. రైల్లో పక్కసీటాయన ఎవురో సౌండు పని చేసేవాడంట. జోలార్‌పేటలో మాటలు మొదలైనాయంట, కాట్పాడిలో ఆయన దిగిపోయినాడంట. అంటే జోలార్‌పేటలో అడ్మిషను, కాట్పాడిలో డిగ్రీ. బెల్టు మాత్రం మర్చిపోయి వచ్చినాడు.

ఆ రోజు నించి నగరిలో యాడ మైకు కుయ్యిమన్నా ఈయప్ప పోయి చెవి పెట్టి వింటాడు. వేలితో టక్కుమని ఒకటి కొడతాడు. "సౌండులో మిడ్డు ఎక్కువైందప్పా" అంటాడు. మా వీధిలో వరదమ్మవ్వ దగ్గినా అదే అన్నాడు.

మా ఆర్కెస్ట్రాకి ఓనరు ఆయనే, కీబోర్డు ఆయనే, స్టేజీ మీద కోటు ఏసుకునేది కూడా ఆయనొక్కడే. నేను బేస్ గిటారు. పేరు చంద్రమౌళి, అందురూ మౌళీ అంటారు. బేస్ గిటారంటే నాలుగు లావు తీగలు. పాటకి అడుగున గుమ్ముమని నడస్తా ఉంటాది. ఉన్నప్పుడు దాన్ని ఎవురూ పట్టించుకోరు, లేనప్పుడు మాత్రం ఏందో తక్కువైందే అనుకుంటారు. మా ఆర్కెస్ట్రాలో పుట్టినప్పట్నించీ ఏందో తక్కువగానే ఉండాది.

నా తప్పు కాదు. ఆంప్లిఫయరు మంచిదే ఉండాది. కానీ అది తోసే సౌండుని బయటికి పలికించే స్పీకరు బాక్సు మంచిది లేదు. ఉన్నిందాంట్లో బేస్ వాయిస్తే దోమకి జలుబు చేసినట్టుంటాది.

అట్లాంటప్పుడు తిరపతి నించి స్టెల్లా మేడం కబురు పెట్టింది. ఆయమ్మ ఆర్కెస్ట్రా అంటే తిరపతి, చిత్తూరు, రేణిగుంట అంతా పేరు. ఆయమ్మ బేస్ ప్లేయరు పెండ్లి చేసుకొని బెంగళూరులో అత్తగారింటికి కాపురానికి పోయినాడు. వడమాలపేట కళ్యాణమండపంలో మాకు ఆదివారం రిసెప్షను ప్రోగ్రాము ఉండాది కదా, ఆడికొచ్చి నా వాయింపు వింటానని చెప్పింది.

ఈ మాట మా నాయన చెవిన పడింది. పడిందంటే, నేను నోరు ఆయన చెవి కాడ పెట్టి పుత్తూరు దాకా వినబడేట్టు అరిస్తే పడింది. మా నాయన కోదండం చక్రన్న వాళ్ళ షెడ్డులోనే మగ్గం తోల్తాడు. ఆ మోతలో బతికి బతికి చెవులు రెండూ మగ్గాలకే రాసిచ్చేసినాడు. నా బేస్ ఆయన ఇంతవరకూ వినలేదు. "ఊరికే తీగలు గోకతా ఉండావు, గజ్జి మాదిరి" అంటాడు.

"సరే," అన్నాడు నాయన. "ఆయమ్మ తీసుకుంటానంటే వాయించుకో. లేదంటే సోమవారం శ్రీ సిటీ బస్సెక్కు. కంపెనీలో అట్టపెట్టెలు మడిచే పని మాట్లాడి పెట్టినా."

"పెట్టెలు మడిచేదా నాయనా?"

"ఇప్పుడు గోకేదీ పెట్టెనే కదా."

ఇట్లా నా బతుకంతా ఒక స్పీకరు బాక్సు మీద నిలబడింది. దాన్ని సెలెక్టు చేసే బాధ్యత చక్రన్న తీసుకున్నాడు. తీసుకోవద్దని ఎవురు చెప్పినా వినే రకం కాదు.

షాపు నించి రెండు బాక్సులు టెస్టుకి వచ్చినాయి. ఒకటి కొత్తది, రొమ్మెత్తు ఉండాది. ముందర నాలుగు గుండ్రాలు, చుట్టూ నీలం లైట్లు. ఆ లైట్లకి ప్లగ్గు వేరే, సౌండుకీ దానికీ సంబంధం లేదు. 'రెండు వేల వాట్లు' అని స్టిక్కరు. ఆ స్టిక్కరు కొంచెం పెద్దదయ్యుంటే బాక్సు అవసరమే ఉండేది కాదు. ఒంటిచేత్తో ఎత్తొచ్చు.

రెండోది పాతది. పదహైదంగుళాల స్పీకరు ఒకటే. ముందర గోనెపట్టా మాదిరి గుడ్డ, కింద మందం రబ్బరు కాళ్ళు. ఎత్తాలంటే నలుగురు కావాల. దించాలంటే ఐదుగురు కావాల, ఎందుకంటే ఎత్తినోళ్ళలో ఒకడు అప్పటికే కూలబడిపోయి ఉంటాడు.

చక్రన్న ముందు రెండిటి వెనకాలకీ పోయి అంకెలు చూసినాడు. కొత్తదాని మీద పదహారు ఓములు అని ఉండాది. పాతదాని మీద ఎనిమిది.

"పదహారు పెద్దదా, ఎనిమిది పెద్దదా?" అన్నాడు.

"అన్నా, అది మార్కులు కాదన్నా. ఆ అంకె పెరిగే కొద్దీ మన ఆంప్ తోసేది తగ్గిపోతాది. ఎనిమిదైతేనే మనకి బాగా పలకతాది."

"రేయ్ మౌళీ, నాకు కాట్పాడిలోనే చెప్పినారు."

ఇంగ దాని మీద మాట్లాడేదానికి లేదు.

తర్వాత గ్లాసు పరీక్ష. ఇది కూడా కాట్పాడి చదువే. బాక్సు మీద స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టాల. బేస్ వాయించాల. నీళ్ళు ఎగిరితే మంచి బాక్సు, ఎగరకపోతే చెత్త బాక్సు. వినేదానికి బాగానే ఉండాది. కానీ ఈ పరీక్ష పెట్టింది యాడ? షెడ్డులో. పది మగ్గాలు ఆడతా ఉండగా.

మా ఊర్లో కరెంటు ఉన్నంతసేపు మగ్గం ఆపేది లేదు. ఇంట్లో మనిషి పోయినా ఆగదు, కరెంటు పోతేనే ఆగతాది. ఆ షెడ్డులో నేల అదరతాది, గోడ అదరతాది, గోడ మీద బల్లి ఒక కాడ అంటుకొని ఇంకో కాడ తేలతాది. మా వాళ్ళకి పుట్టినప్పట్నించీ అదే అలవాటు. నేల కదలకుంటేనే తల తిరగతాది మాకు.

కొత్త బాక్సు మీద గ్లాసు పెట్టినారు. తేలిక చెక్క కదా, నీళ్ళు కుప్పిగంతులేసినాయి. నేను తీగ మీటినా. చక్రన్న కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బబ్బా! ఏం బేస్‌రా అది! బొడ్డులో తగల్తా ఉండాది."

"అన్నా," అని అరిచినా, "ఆంప్ ఇంకా ఆన్ చెయ్యలేదన్నా!"

షెడ్డులో నలుగురూ నవ్వినారు. ఇంకొకడైతే ఆ రోజే ఊరు ఒదిలి పోయుంటాడు. చక్రన్న కళ్ళు కూడా తెరవలేదు.

"చూస్తివా? ఆన్ చెయ్యకుండానే ఇంత కొడతా ఉండాదే, ఆన్ చేస్తే మండపం నిలస్తాదా అని?"

పాత బాక్సు మీద గ్లాసు పెట్టినారు. రబ్బరు కాళ్ళు, చెడ్డ బరువు. నీళ్ళు కదల్లేదు. ఆంప్ ఆన్ చేసి వాయిద్దామనుకునేలోపల చక్రన్న గ్లాసు ఎత్తి నీళ్ళు తాగేసినాడు. పరీక్ష అయిపోయింది. నీలం పెట్టె ఫస్టు క్లాసు. పాతదాన్ని వాపసు పంపించేదానికి ఆటో దొరకలేదని ఆడనే ఒదిలేసినారు. మా నాయన దాని మీద కూచొని టీ తాగేది మొదలు పెట్టినాడు. "గట్టి పీటరా ఇది" అన్నాడు. ఆ షెడ్డులో దాని విలువ తెలిసింది ఆయన కూచునే భాగానికి ఒక్కదానికే.

ఆదివారం మధ్యాన్నం వడమాలపేట మండపంలో సామాన్లు దించినాం. చలవరాళ్ళ నేల. మగ్గాలు లేవు. చీమ నడిస్తే చెప్పులేసుకుందా లేదా అని తెలిసేంత నిశ్శబ్దం. నీలం లైట్లు ఎలిగినాయి. ఆంప్ ఆన్ చేసి నేను బలంగా ఒక తీగ మీటినా.

తప్.

అప్పడం మీద చెంచాతో కొట్టినట్టు. ఇంకోటి మీటినా. తప్. పందిరి కట్టే ఆయన తన నిచ్చెన ఇరిగిందేమోనని కిందికి చూసుకున్నాడు.

"ఖాళీ హాలు కదరా, సౌండు తినేస్తాది," అన్నాడు చక్రన్న. "జనం వస్తే సరిపోతాది."

"జనం వస్తే ఇంకా తింటారు కదన్నా?"

"వాళ్ళు తినేది కింద డైనింగు హాల్లో." కోటు ఇస్త్రీ చేయించుకునేదానికి పోయినాడు.

స్టెల్లా మేడం సాయంత్రం ఆరుకి వస్తాది. నాకు అట్టపెట్టెలు కనబడతా ఉండాయి. ఒకదాంట్లో నన్నే మడిచి పెట్టినట్టు కూడా కనబడింది. ఫోను తీసి నాయనకి కొట్టినా. పెండ్లికూతురు మాకు దూరపు చుట్టం, ఆయన ఎట్లాగూ భోజనానికి వస్తాడు.

"నాయనా! ఈడ కుర్చీలు లేవు!"

"ఏంది?"

"కుర్చీలు లేవు! కూచునేదానికి పీట తెచ్చుకో! నువ్వు టీ తాగేది!"

బాక్సు తెచ్చియ్యి అనుంటే "నీ గోకుడుకి నేను మోయాల్నా" అని ఫోను పెట్టేసుండేవాడు. నిలబడేదంటే ఆయనకి చావు. జీవితమంతా మగ్గం కాడ నిలబడినాడు కదా, ఇంగ ఎవురి పెండ్లిలోనూ నిలబడడు.

లగేజీ ఆటోలో బాక్సు మీదనే రాజు మాదిరి కూచొని వచ్చినాడు. ఐదుగురు దించినారు. లోపలికొచ్చి చూస్తే ఎటు చూసినా కుర్చీలే.

"ఏందిరా ఇవి?"

"అవన్నీ మొగపెండ్లోళ్ళవి నాయనా. చిత్తూరు నించి వాళ్ళే తెచ్చుకున్నారు."

మా నాయన ఆ కుర్చీలను పైనించి కిందికి చూసినాడు. "వాళ్ళ కుర్చీ మనకెందుకు?" అని బాక్సును స్టేజీ పక్కన ఏయించుకొని కాలు మీద కాలేసుకొని కూచున్నాడు. తప్పు నాది కాదు. అన్ని కుర్చీలు చూసి కూడా నమ్మినాడంటే ఆయన పౌరుషం అట్లాంటిది.

నేను నీలం పెట్టె వెనకాల వైరు పీకి, లావు వైరు ఒకటి కార్పెట్టు కింద నించి తీసుకొచ్చి నాయన కూచున్న బాక్సుకి తగిలించినా. నీలం లైట్లు మాత్రం ఎలగతానే ఉండాయి. లోకం మీద వాటికేం దిగులు?

ఆరైంది. స్టెల్లా మేడం వచ్చి రెండో వరసలో చేతులు కట్టుకొని కూచుంది. చక్రన్న కోటేసుకొని స్టేజీ ఎక్కినాడు. ఎవురో నాయన చేతిలో గ్లాసుతో పాయసం పెట్టినారు. పాట మొదలైంది. నేను మొదటి తీగ మీటినా.

గుమ్మ్మ్.

మా నాయన బాక్సు మీద నించి జానెడు లేచినాడు. మళ్ళా అదే చోట దిగినాడు. పాయసం గ్లాసులో అల లేచింది, జీడిపప్పు ఒకటి పైకొచ్చి చూసి పోయింది. పెండ్లికొడుకు తలపాగా కళ్ళ మీదికి జారింది. చక్రన్న నీలం పెట్టె తట్టి, "విన్నారా? నా బాక్సు!" అని మైకులో చెప్పినాడు.

నాయన దిగిపోతాడేమో అని వాయిస్తానే ఆయన పక్కే చూసినా. దిగలేదు. రెండో పాటకి తల ఊపతా ఉండాడు. మూడో పాటకి కళ్ళు మూసుకొని, చేత్తో మగ్గం దారం సరిచేస్తా ఉన్నట్టు గాల్లో ఆడిస్తా ఉండాడు.

పాటలు అయినాక స్టెల్లా మేడం లేచి స్టేజీ కాడికొచ్చింది.

"బాక్సు ఎవురప్పా సెలెక్టు చేసింది?"

"నేనే మేడం," చక్రన్న ముందుకొచ్చినాడు. గ్లాసు పరీక్ష మొత్తం చెప్పినాడు. కాట్పాడి కూడా చెప్పినాడు. ఆయమ్మ వింటానే నీలం పెట్టె మీద చెయ్యి పెట్టి, నన్ను చూసి వాయించమన్నట్టు తలాడించింది. వాయించినా.

"ఇది అదరనే లేదే?"

"ఖరీదైన బాక్సు మేడం. చేతికి తెలీదు."

ఆయమ్మ ఇంగ ఆయప్పతో మాట్లాడలేదు. కార్పెట్టు ఉబ్బుగా ఉండేది చూసుకుంటా, నడుచుకుంటా పోయి మా నాయన ముందర నిలబడింది.

"పెద్దాయనా, రొంత లేస్తారా?" అని చేత్తో లెయ్యమన్నట్టు చూపించింది.

"నేను లేవను తల్లీ. ఈడ బాగుండాది, మా మగ్గం కాడ ఉన్నట్టుండాది. కుర్చీలు ఆడుండాయి, పోయి కూచో." తర్వాత నా పక్కకి తిరిగి, "రేయ్, ఈ గుమ్ముమనేది ఎవురు వాయించింది?"

స్టెల్లా మేడం నన్ను చూపించింది.

నాయన నన్ను చూసినాడు. కాళ్ళ సందున బాక్సును చూసుకున్నాడు. పాయసం చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు వాయించింది ఇదేనా?"

"ఇదే నాయనా," అని తల ఊపినా.

"మరి వినబడేట్టు వాయించొచ్చు కదరా!"

నేను తీగలు తుడుచుకున్నా.

స్టెల్లా మేడం, "సోమవారం రా అప్పా, తీసుకుంటా. ఆ బాక్సు కూడా తీసుకొని రా, దుడ్లు నేను కడతా," అనింది. నాయనకి వినబడలేదు. వంగి మళ్ళా చెప్పింది. వినబడలేదు. మూడోసారి "నీ కొడుకును తీసుకుంటా!" అని ఆయమ్మ అరిచిన అరుపుకి హాలంతా తిరిగి చూసింది. పెండ్లికూతురి తల్లి ఎవురి సంబంధం కుదిరిందని అడిగింది.

చక్రన్న సిగ్గు పడతాడనుకున్నారా? నాయన చేతిలో గ్లాసు చూపించి, "ఎగిరిందా లేదా? నా పరీక్ష తప్పు పోదు," అన్నాడు. ఆ వారంలోనే చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల వాళ్ళు బాక్సులు మోసుకొని షెడ్డుకి వచ్చేది మొదలు పెట్టినారంట. అన్నీ పాసవతా ఉండాయంట.

సోమవారం పొద్దున్నే శ్రీ సిటీ బస్సు నా ముందరే పోయింది. నలుగురితో బాక్సును టాపు మీదికి ఎత్తించి నేను తిరపతి బస్సెక్కినా. ఎక్కించేదానికి నాయన వచ్చినాడు. మొహం చిన్నబోయి ఉండాది. కొడుకు దూరమవతా ఉండాడని అనుకున్నా.

"మరి నేను యాడ కూచోని టీ తాగాల?" అన్నాడు.

"చక్రన్న నీలం పెట్టె ఉండాది కదా నాయనా. అడ్డంగా పడుకోబెట్టి కూచో."

ఆ సాయంత్రమే ఫోను చేసినాడు. ఎనక మగ్గాల మోత. అరస్తా ఉండాడు, అంటే మామూలుగా మాట్లాడతా ఉండాడు. కూచున్నాడంట. చెక్క ఇరిగి నడుం దాకా లోపలికి పోయినాడంట. ఎవురూ మగ్గం ఆపలేదంట.

నాకు మొదట్నించీ ఒకటే అనుమానం. ఆ నాలుగు గుండ్రాల ఎనక స్పీకర్లు ఎన్ని ఉండాయి అని.

"నాయనా," అని అరిచినా, "లోపల ఏముండాది?"

"నేనుండా," అన్నాడు.