నీళ్ళెంతో మైనమంతే

"చెల్లెమ్మా, మొహమాటపడకు. చేతకాదనుకుంటే ఇప్పుడే చెప్పెయ్యి, కార్ఖానాకి కబురు పెడతాను. నిన్నెవరూ తప్పుపట్టరు" అన్నాడు ప్రార్థన మందిరం పెద్దాయన ఫోనులో.

తప్పుపట్టరన్న ఆ మాటే కొవ్వొత్తులమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

"చేస్తానన్నయ్యగారూ. శనివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోను పెట్టేసింది. అప్పటికి గురువారం సాయంత్రమైంది.

మందిరంలో ఏడాది పొడవునా నిలబడే పెద్ద కొవ్వొత్తి అది. నడుమెత్తు ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె భర్తే దాన్ని పోశాడు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. చిన్న కొవ్వొత్తులు చేయడం, వత్తులు పేనడం, కాగితాల్లో చుట్టడం ఆమెకు కొట్టిన పిండి. పెద్దదాని జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. గాలి తగిలితే పైన పగుళ్ళు వస్తాయని ఆయన వెనకగదిలో తలుపేసుకుని ఒక్కడే పోసేవాడు. లోపలేం జరిగేదో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఆయన నోట ఊతపదంలా తిరిగిన ఒక్క మాట: "నీళ్ళెంతో మైనమంతే."

ఆ మాట పట్టుకునే ఆమె పని మొదలుపెట్టింది. తగరపు గొట్టం అచ్చు నిండా నీళ్ళు పోసింది. ఆ నీళ్ళను బిందెల్లోకి వంచి, కాటా మీద పెట్టి, బిందెల బరువు తీసేసింది. సరిగ్గా ఇరవై కిలోలు. తర్వాత గదిలో ఉన్న మైనం పలకలన్నీ తూచింది. పందొమ్మిది కిలోలు. చేయి తగిలిందేమోనని మళ్ళీ తూచింది. పందొమ్మిదే.

మైనం కొట్టతనికి ఫోను చేస్తే, "సోమవారం దాకా సరుకు రాదమ్మగారూ. నా దగ్గర గోరంత ముక్క కూడా లేదు" అన్నాడు.

తక్కువ మైనంతో మొదలుపెట్టడం కుదరదు. పోత మధ్యలో మైనం అయిపోతే, ఆరిన దాని మీద మళ్ళీ పోసింది సరిగా అంటదు. అక్కడ అతుకు పడుతుంది. అతుకు పడ్డ కొవ్వొత్తిని తీసుకెళ్ళి దేవుడి ముందు పెడతామా?

ఆ పూట ఒక్కదానికే వండుకుంది. సగం తిని, సగం మూత పెట్టింది. ఎదురు పీట ఖాళీగా ఉంది. దాని వంక చూసి "ఒక్క కిలో! ఎక్కణ్ణించి తెమ్మంటావు చెప్పు" అంది పైకే. అని, తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. పొద్దున్నుంచీ ఇంట్లో వినబడ్డ మాటలు ఫోనులోవే.

ఎక్కణ్ణించి తేవాలో ఆమెకు అప్పటికే తెలుసు. అల్మారాలో రెండు పింగాణీ గిన్నెలున్నాయి.

ఏటా పెద్ద కొవ్వొత్తి పోసిన రోజున ఆయన వెనకగదిలోంచి నాలుగు గిన్నెల నిండా మైనం పట్టుకొచ్చేవాడు. మధ్యలో వత్తి నిలబెట్టి, "ఇది నీకని విడిగా తెచ్చిన మైనమే. దేవుడికి ఒకటి, నీకు నాలుగు" అని నవ్వేవాడు. వాటినే ఏడాదంతా ఇంట్లో ప్రార్థన వేళ వెలిగించేది. కిందటేటి నాలుగింటిలో రెండు కాలిపోయాయి. ఆయన పోయాక మిగిలిన రెండూ ముట్టించడానికి ఆమెకు చేతులు రాలేదు. వాటిలో వత్తి పక్కన ఆయన బొటనవేలి గుర్తు ఉంది. మైనం ఆరకముందే వత్తి ఒరిగితే వేలితో సర్దేవాడు. గీతలతో సహా దిగిపోయింది ఆ వేలు.

రెండు గిన్నెలూ తూస్తే, గిన్నెల బరువు పోను, కిలో.

శుక్రవారం పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. "నీకోసమే కదా స్వామీ, మరి ఇదొక్కటీ అడగాలా?" అనుకుంది. అలా అడగడం తప్పేమోననిపించి లెంపలేసుకుంది. గిన్నెల్ని వేణ్ణీళ్ళలో పెట్టింది. మైనం అంచు వదిలి బిళ్ళల్లా ఊడి వచ్చింది. రెంటినీ కడాయిలో వేసి, అవి కరిగేంతసేపూ కిటికీ వైపే చూస్తూ నిలబడింది.

వెనకగదిలో అచ్చు మధ్య వత్తి బిగించింది. తలుపేసుకుని గడియ పెట్టింది. పెట్టాక, తీసేవాళ్ళెవరున్నారని అనుకుంది.

పోత సాఫీగా సాగింది. అచ్చు అంచు దాకా నిండింది. ఆరుతున్నకొద్దీ మైనం కుంచించుకుపోయి నడుమ గుంట పడసాగింది. పూర్తిగా ఆరకముందే ఆ గుంటను వేడి మైనంతో నింపుతూ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది. సాయంత్రానికి గుంట పడటం ఆగిపోయింది. అప్పుడు కడాయిలోకి తొంగిచూసింది. మైనం మిగిలి ఉంది. చెంచాడూ, గరిటెడూ కాదు. తూస్తే రెండు కిలోలు.

పై వాటాలో ఉండే సైన్సు టీచరు బడి నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే, తలుపు తీసి ఆమెను పిలిచింది.

"టీచరమ్మా, ఒకసారిలా రామ్మా. అచ్చులో ఎక్కడో డొల్ల పడ్డట్టుంది. ఇరవై కిలోలు పట్టాలి, పద్దెనిమిదే పట్టింది."

విషయమంతా విని టీచరు బకెట్లో నీళ్ళు పట్టింది. మైనం ముక్కొకటి అందులో వేసింది. అది తేలింది.

"చూడండి పిన్నిగారూ, పదోవంతు పైకొచ్చింది, మిగతాది మునిగింది. అంటే నీళ్ళు పది కిలోలుండే చోట మైనం తొమ్మిదే ఉంటుంది. లీటరు నీళ్ళు కిలో. లీటరు మైనం తొమ్మిది వందల గ్రాములు. దాన్నే సాంద్రత అంటారు. మీ అచ్చు ఇరవై లీటర్లది. పద్దెనిమిది కిలోలతో నిండిపోతుంది. డొల్లా లేదు, గిల్లా లేదు."

"మరి ఒకే చోటులో పట్టినవి కదమ్మా?"

"మా హెడ్మాస్టరు కూర్చునే కుర్చీలో నేనూ కూర్చుంటాను. ఇద్దరం ఒకే బరువా? ఆయన కూర్చుంటే కుర్చీ ఏడుస్తుంది."

కొవ్వొత్తులమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"అయితే నా పందొమ్మిదే సరిపోయేవి" అంది. "ఇంకో కిలో మిగిలేది కూడాను."

"మిగిలేది."

ఆమె ఖాళీ గిన్నెల వంక చూసింది. టీచరుకి అప్పుడు అర్థమైంది. "నిన్ననే నన్ను ఒక్క మాట అడగాల్సింది కదా పిన్నీ" అంది మెల్లగా.

"ఎనిమిది నెలలుగా ఎవర్నీ ఏమీ అడగడం అలవాటు తప్పిందమ్మా."

కొవ్వొత్తులమ్మ ఖాళీ గిన్నె ఒకటి చేతిలోకి తీసుకుంది.

"విడిగా తెచ్చానని నాతో అబద్ధమాడాడన్నమాట. మిగిలిందే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నాలుగు గిన్నెలంటే రెండు కిలోలు. ఏటా అంత మిగులుతుంటే ఆ మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఇరవయ్యే ఎందుకు కరిగించేవాడు? మిగులుతుందని తెలిసి కరిగిస్తే, అది విడిగా తెచ్చినట్టే కదా? నువ్వే చెప్పు."

"అది సైన్సు చెప్పదు పిన్నీ."

"పోనీ, చెప్పేదొకటి అడుగుతాను. ఆయన పోసిన కిలో ఇందులో ఎంతుంటుంది?"

"ఇరవైలో ఒకటి. బాగా కలిపే కరిగించారు కాబట్టి ఎక్కడ ముక్క తీసినా ఇరవయ్యో వంతు ఉంటుంది. ఈ కడాయిలో ఉన్నదాంట్లో వంద గ్రాములు. మిగతాదంతా పెద్దదాంట్లో."

"అయితే ఎక్కువ భాగం మందిరానికే వెళ్తుందన్నమాట." ఆమె పెద్ద కొవ్వొత్తిని అరచేత్తో తడిమింది. ఇంకా వెచ్చగా ఉంది. "వెళ్ళనీ. ఎలాగూ ఆయన ముందే వెళ్ళాడు."

టీచరు వెళ్ళబోతూ, "వచ్చే ఏడు పద్దెనిమిదే కొనండి పిన్నిగారూ, పాఠం గుర్తుందిగా" అంది.

"గుర్తుందమ్మా. ఇరవయ్యే కొంటాను."

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయింది. పైన తలుపు పడింది. కొవ్వొత్తులమ్మ మిగిలిన మైనాన్ని మళ్ళీ వేడిచేసి నాలుగు గిన్నెల్లో పోసింది. వత్తులు నిలబెట్టింది. మూడు నిటారుగా నిలిచాయి. నాలుగోది మాత్రం మైనం గట్టిపడే వేళకు ఒక పక్కకు ఒరిగింది. ఆమె కాసేపు దానివంకే చూసింది. తర్వాత బొటనవేలితో సర్దింది.